కవరు మీద రెండో గీత

"ఇంకొక్కసారి అడుగుతున్న అమ్మా. కవర్ ఎందుకు ఇప్పినవ్?"

"ఇప్పలే బిడ్డా. పైన బొట్టు వెట్టిన, గంతే."

"పైన వెడితే పసుపు లోపటికి ఎట్ల వోయింది?"

"నాకేం ఎర్క."

ఓంకార్ ఈ ప్రశ్న అడగడం ఇది నాలుగోసారి. సత్తెమ్మ ఈ జవాబు చెప్పడమూ నాలుగోసారే. శనివారం పొద్దున పది దాటినా ఆ ఇంట్లో ఎవరూ ఇంకా చాయ్ తాగలేదు.

డైనింగ్ టేబుల్ మీద అరచేయంత ఆకుపచ్చ బోర్డులు పది పరిచి ఉన్నాయి. ఒక్కోదాని మధ్య ఒక నల్లటి చిప్. ప్రతి చిప్ పైభాగమూ కొద్దిగా ఉబ్బి, సన్నగా పగిలి ఉంది. పక్కనే ఖాళీ వెండిరంగు కవరు, దాని నోటి దగ్గర కత్తిరించిన పట్టీ. ఆ పట్టీ వెంట పసుపూ కుంకుమా అంటుకుని ఉన్నాయి. కోర్టులో సాక్ష్యాలు పరిచినట్టు పరిచారు.

బిట్‌కాయిన్ అనే డిజిటల్ డబ్బు సంపాదించిపెట్టే మైనింగ్ మిషన్లు ఎవరికి వాళ్లు ఇంట్లోనే తయారు చేసుకుందామని ముప్పై ఎనిమిది మంది కలిసి విదేశం నుంచి ఒక రీలు తెప్పించుకున్నారు. రీలంటే రెండు వేల చిప్‌లు పొదిగిన పొడవాటి టేపు చుట్ట. అంతకు తక్కువైతే ఆ కంపెనీవాడు అమ్మడు, అంత సరుకు ఒక్కడు కొనలేడు. అందుకే ఈ గుంపు. గుంపును పోగుచేసినవాడు ఓంకార్. బోర్డు గీసినవాడు అతని చెల్లెలు రజిత భర్త ప్రేమ్ కుమార్. నిన్న మూసాపేటలో ఓబులేసు వర్క్‌షాపులో, చిప్‌లను బోర్డులకు టంకం వేసే ఓవెన్‌లోంచి మొదటి నాలుగు వందల బోర్డులు బయటికి వచ్చాయి. ఒక్కటీ వెలగలేదు.

గుంపుకు ఒక రూలుంది. రీలు కవరు అందరి ముందూ, వీడియోలోనే విప్పాలి. అంతవరకూ ఎవరూ ముట్టకూడదు. ఆ రూలు రాసిందీ ఓంకారే. నిన్న ప్రేమ్ కుమార్ కత్తెర పెట్టగానే, ముప్పై ఎనిమిది ఫోన్లలో అందరూ చూస్తుండగా, పసుపు పొడి రాలి రీలు మీద పడింది. సాయంత్రానికి బోర్డులు చచ్చాయి. ఇక అడ్డేముంది, గ్రూపులో ఒకటే గోల. ఒకడు పసుపు ప్యాకెట్ ఫొటో పెట్టాడు. ఇంకొకడు ఓంకార్ వాళ్ల అమ్మను చీఫ్ ఇంజనీరన్నాడు. అందరూ పెద్ద పెద్ద కంపెనీల్లో పనిచేసేవాళ్లే. నోరు అదుపులో పెట్టుకోవడం మాత్రం ఏ కాలేజీలోనూ నేర్పినట్టు లేదు.

ఆ ముప్పై ఎనిమిది మంది తరఫున దినేష్ వచ్చి సోఫాలో కూర్చున్నాడు. ఓంకార్ ఆఫీసులోనే పని, పక్క సీటు. నెల కిందటి దాకా ఈ ఇంట్లో సకినాలు తిని వదిన చేతిని పొగిడినవాడు, ఇవాళ బూట్లు కూడా విప్పకుండా లోపలికి వచ్చాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ ఓంకార్ భార్య వసంత ఆ బూట్ల వంకే చూస్తోంది.

"తిరిగి తిరిగి గదే మాట అయితుంది అన్నా," దినేష్ ఫోను మీంచి తల ఎత్తకుండా అన్నాడు. "అమ్మ ఇప్పలేదంటది. కవర్ దానంతట అదే ఇప్పుకున్నదా? గ్రూపుల ఏం రాయాలె నేను?"

"చెప్తున్నం గదా. ఆగు."

"ఎంతసేపు ఆగాలె? ఇంక పదహారు వందల చిప్‌లు ఉన్నయి. పన్నెండింటికి ఓవెన్."

"నాకు తెల్వదా?"

"తెలిస్తే గిట్ల అయితుండెనా?"

కిటికీ దగ్గర నిలబడ్డ ప్రేమ్ కుమార్ టేబుల్ దగ్గరికి వచ్చి ఆ పట్టీ చేతిలోకి తీసుకున్నాడు. గుంటూరు వైపు మనిషి, గొంతు లేవదు. అతను నెమ్మదిగా మాట్లాడితే ఓంకార్‌కు మరీ ఒళ్లు మండుతుంది.

"బావగారూ, అత్తయ్యగారిని అలా గదమాయించకండి. ముందు ఇది చూడండి."

"మా అమ్మ తోని ఎట్ల మాట్లాడాల్నో నువ్వు నేర్పకు. మీ చర్చిల బొట్లు ఉండయి. నీకేం తెలుసు ఈ సంగతి?"

"నేను బొట్టు గురించి మాట్లాడ్డం లేదండి."

"మరి?"

"అత్తయ్యగారు మా పెళ్లికి చర్చికి వచ్చారు. మీరు రాలేదు. ఆవిడ గురించి ఎంతో కొంత నాకూ తెలుసు."

నాలుగేళ్లుగా ఎవరూ బయటికి అనని మాట అది. ఈ చిప్‌ల వ్యవహారం మొదలయ్యాకే బావా బావమరుదులు ఒక టేబుల్ దగ్గర కూర్చోవడం మొదలైంది. అందుకే సత్తెమ్మకు ఆ చిప్‌లంటే ఏమిటో తెలియకపోయినా వాటి మీద అంత ప్రేమ. గురువారం సాయంత్రం కవరుకు బొట్టు పెట్టిందీ అందుకే.

బొట్టు పెట్టడం ఆమెకు కొత్త కాదు. ఈ కొత్తగూడ చుట్టుపక్కల టవర్లు లేస్తున్నప్పుడు ఇసుక మోసింది. భర్త పోచయ్య ఒక టవరు గేటు దగ్గర సెక్యూరిటీ ఉద్యోగంలో చేరిన రోజున అతని లాఠీకి బొట్టు పెట్టింది. ఓంకార్ మొదటి ల్యాప్‌టాప్ మూతకు పెట్టింది. ఆ రోజు ఓంకార్ దాన్ని తుడవకుండా ఆఫీసుకు పట్టుకుపోయి అందరికీ చూపించాడు. ఆ ఓంకారే ఇవాళ ఆమె మీద వేలు ఆడిస్తున్నాడు.

"సరే, ఏం చూడాలె?" అన్నాడు ఓంకార్.

"కంపెనీవాళ్ల సీలు రెండు వేళ్ల వెడల్పుంటుందండి, గళ్లు గళ్లుగా. ఇక్కడ అది లేదు. సన్నటి గీత ఉంది. నేను కొయ్యకముందే ఎవరో ఈ కవరు కోశారు. కోసి, మళ్లీ అతికించారు."

దినేష్ ఫోను పక్కన పెట్టాడు. బయట ఫ్లైఓవర్ మీద ఏదో లారీ హారన్ కొడుతూ పోయింది.

"అదే గదా నేను పొద్దటి సంది మొత్తుకునేది," ఓంకార్ వెంటనే అందుకున్నాడు. "లోపట గూడ బొట్టు వెడదామని అమ్మనే ఇప్పింది. వసంత సీలింగ్ మిషన్ ఉన్నది గదా, దాని తోని అతికిచ్చింది. దినాం వంద ప్యాకెట్లు అతికిస్తది ఆమె. ఇదొక లెక్కనా?"

ఆ మాట అందరికీ సరిపోయింది. దినేష్ తల ఊపాడు. వసంత సకినాలూ గరిజెలూ చేసి ఫ్లాట్లకూ దుకాణాలకూ వేస్తుంది. మిషన్ ముందు కూర్చుని ప్యాకెట్ల మూతులు అతికించేది సత్తెమ్మే. ఇక అనుమానం ఎందుకు?

అందరూ సత్తెమ్మ వంక చూశారు. ఆమె కాదనలేదు, ఔననలేదు. కొడుకు ముఖంలోకి ఒకసారి చూసి, గోడ పక్కన పెట్టుకున్న సంచి దగ్గరికి జరిగింది. నాలుగు చీరలూ మందుల డబ్బా పొద్దున్నే సర్దుకుంది.

"నేను రజిత తానికి పోత," అంది. "చందానగర్ల దింపు బిడ్డా ప్రేమూ, నువ్వు పోయేటప్పుడు."

"ఎక్కడికీ వెళ్లొద్దండి."

"పోనీ," అన్నాడు ఓంకార్. "కొన్ని దినాలు పోనీ."

అత్తాకోడళ్లు ఇద్దరూ ఎనిమిదేళ్లుగా ఒకే పొయ్యి దగ్గర నిలబడి పిండివంటలు చేసిన మనుషులు. పోట్లాడుకోని రోజు లేదు, ఒకరు లేకుండా ఒకరు తిన్న రోజూ లేదు. వసంత గబగబా వచ్చి సంచి పట్టుకుంది. అప్పుడే ప్రేమ్ కుమార్ టేబుల్ మీద పెట్టిన పట్టీ ఆమె కంటపడింది.

వంగి చూసింది. చేత్తో తీసుకుని మళ్లీ చూసింది.

మిషన్ తీగ ఒకచోట కాలిపోయి ఉంది. అందుకే ఆ మిషన్ వేసే ప్రతి గీతలోనూ బియ్యపు గింజంత ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీ మూయడానికి సత్తెమ్మ అదే గీత కింద ఇంకో గీత తిన్నగా వేస్తుంది. వసంత అట్లా కాదు, ఖాళీ మీదుగా ఏటవాలుగా ఒత్తుతుంది. తిన్నగా ఒత్తమని అత్త ఎన్నిసార్లు చెప్పినా చేతికి ఆ అలవాటు పోలేదు.

పట్టీ మీద రెండో గీత ఏటవాలుగా ఉంది.

అది తన చెయ్యి. గుర్తుకొచ్చింది. బోనాల ఆర్డరు ప్యాకెట్లు నేలంతా పరుచుకుని ఉన్న రోజు. బయట వాన. ఓంకార్ ఒక పెద్ద వెండి కవరు తెచ్చి, ఆఫీసు సామాను, తడవకుండా అతికించమన్నాడు. కవరు మిషన్ కంటే వెడల్పు. ఒక కొస తను ఒత్తుతుంటే రెండో కొస జారకుండా పట్టుకున్న చేతులు కూడా గుర్తుకొచ్చాయి. అవి సత్తెమ్మ చేతులు.

ఆమెకు తెలుసు. మొదటి ప్రశ్న అడిగినప్పుడే తెలుసు. తెలిసీ కొడుకును ఒక్క మాట అనలేదు.

వసంత సంచి వదిలేసి వంటింట్లోకి వెళ్లింది. ఒక నిమిషానికి ఓంకార్ మంచినీళ్ల వంకతో వెనకాలే వచ్చాడు. ఆమె పట్టీ వంక చూసిన చూపు అతను చూశాడు.

"ఆ గీత నాది," అంది గొంతు తగ్గించి.

ఓంకార్ గ్లాసు నింపుకుంటూనే ఉన్నాడు. గ్లాసు నిండి నీళ్లు పొర్లాయి.

"ఇరవై రెండు దినాలాయె. ఆఫీస్ సామాను అన్నవ్ నాకు."

"మెల్లగ మాట్లాడు."

"మెల్లగనే మాట్లాడుతున్న. ఎందుకు ఇప్పినవ్?"

"దొంగ చిప్‌లు వస్తున్నయని ఎవడో గ్రూపుల రాసిండు. ముప్పై ఎనిమిది మందిని పోగేసినోన్ని నేను. భయమైంది. పార్సెల్ వచ్చిన దినమే నాలుగు చిప్‌లు కోసి ఒక రిపేర్ షాపుల చూపిచ్చిన. అసలువే అన్నడు. ఇగ మళ్ల అతికిస్తే అయిపోతదనుకున్న."

"గ్రూపుల చెప్పొచ్చు గదా."

"ఏమని చెప్పాలె? రూల్ రాసినోన్నే రూల్ తప్పిన అనా?" అతని పెదవి వంకర పోయింది. "సకినాలు నెల దినాలు మెత్తవడవు, నా మిషన్ తోని అతికిస్తే గాలి గూడ వోదు అని నువ్వే గదా అందరికీ చెప్తవ్. నీ మాటే నమ్మిన."

నిజమే, అంది. గర్వంగానే అంది. చూరులోంచి కారుతున్న వానలో కూడా తన సకినాలు కరకరలాడతాయని దుకాణాల వాళ్ల ముందు ఎన్నిసార్లు చెప్పుకుందో. ఆ మాట ఇప్పుడు ఇట్లా తన మీదికే తిప్పుతాడని అనుకోలేదు. ఓంకార్ సాఫ్ట్‌వేర్ మనిషి. చిప్‌ను కంప్యూటర్లో తప్ప చేతిలో పట్టుకుని ఎరగడు. తెలియక చేశాడంటే ఆమె ఒప్పుకుంటుంది. తెలిశాక చేస్తున్నదే ఆమెకు మింగుడుపడలేదు.

"మరి అత్తమ్మ?"

"అమ్మకేమైతది? ఆమెకు ఆఫీసా, గ్రూపా? ఆ ముప్పై ఎనిమిది మందిల ఒక్కడు గూడ ఆమెకు ఎదురు రాడు. పది దినాలు రజిత తాన ఉంటది. తర్వాత నేనే పోయి తోలుకొస్త."

"ఆమె పేరు వోతే ఏం గాదు అంటవ్."

"నా పేరు వోతే మళ్ల రాదు వసంతా. ఒక్క మాట అన్నవనుకో, ఈ ఇల్లు గిట్ల ఉండది. సోంచాయించుకో."

ఇల్లు ఇప్పుడు మాత్రం ఎట్లా ఉందో అతను చూడటం లేదు. అతను గ్లాసు అక్కడే పెట్టి వెళ్లిపోయాడు. ఒక్క గుక్క తాగలేదు. వసంతకు అతని మీద అసహ్యం వేసింది, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

హాల్లో ప్రేమ్ కుమార్ ఫోను మోగుతోంది. స్పీకర్ పెట్టాడు. ఓబులేసు గొంతు ఇల్లంతా వినపడింది.

"సార్, పదకొండున్నర అయిపాయ. మిగిలిండే రీలు ఎక్కించేదా, వద్దా? పన్నెండు దాటితే లైను వేరేవాళ్లకు ఇచ్చేసినా. మళ్లా పదైదు దినాలకే."

"ఒక్క ఐదు నిమిషాలు ఓబులేసుగారూ. నేనే చేస్తాను."

ఫోను పెట్టేసి సత్తెమ్మ ముందుకు వచ్చి, ఆమె కుర్చీ పక్కన నేల మీద మోకాలు ఆనించాడు.

"అత్తయ్యగారూ, ఎందుకు విప్పారని నేను అడగను. ఏ రోజు విప్పారో అది చెప్పండి, చాలు."

"దినం తోని ఏం పని?" అన్నాడు ఓంకార్.

"దాంతోనే పనండి. కవరు విప్పితే చిప్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, ఇలా సన్నటి గీతతో మళ్లీ అతికించినా ఆగదు. వారం లోపలైతే ఫర్వాలేదు. వారం దాటితే సన్నటి వేడి మీద రోజుల తరబడి ఆరబెట్టాకే ఓవెన్‌కి పంపాలి. అలా పంపకపోతే లోపలి తడి ఒక్కసారిగా ఆవిరై చిప్‌ను పగలగొడుతుంది. ఇదిగో, ఇలాగే." బోర్డుల వైపు చెయ్యి చూపించాడు. "మొన్ననే విప్పి ఉంటే కారణం ఇది కాదు. ఎప్పుడో విప్పి ఉంటే మాత్రం మిగతా పదహారు వందలూ ఇవాళ ఎక్కించకూడదు. ఆరబెడితే అవి బతుకుతాయి."

సత్తెమ్మకు ఆ మాటల్లో ఎంత అర్థమైందో తెలియదు. ఆమె చూపు ఓంకార్ మీదే ఉంది. అతను టేబుల్ మీది బోర్డు తిప్పి తిప్పి చూస్తున్నాడు.

"బేస్తారం," అంది.

"మొన్న గురువారమేనా?"

"ఆఁ. మొన్ననే."

"ఇన్నవా?" ఓంకార్ బోర్డు కింద పెట్టాడు. "పసుపు పై చుట్ల మీద వడ్డది, అవి వోయినయి. లోపలి చుట్లకు ఏం గాలె. ఓబులేసుకు ఎక్కియ్యమని చెప్పు."

"పసుపుకి చిప్ పగలదండి."

"నువ్వొక్కనివే ఇంజనీర్‌వా? పదైదు దినాలు ఆగితే వీళ్లు నన్ను బతకనియ్యరు. ఎక్కియ్యమని చెప్పు ప్రేమ్."

"ముందు వీడియో కావాలె," అన్నాడు దినేష్.

"ఏం వీడియో?"

"అమ్మ చెప్పాలె, నేనే ఇప్పిన అని. గ్రూపుల పెడత. గప్పుడే మావోళ్లు మిగిలిన సరుకు ఎక్కియ్యనికి ఒప్పుకుంటరు. లేకుంటే ఓంకార్ అన్ననే ఇప్పిండని రాస్తుండ్రు ఆల్రెడీ."

ప్రేమ్ కుమార్ లేచి నిలబడ్డాడు. "దినేష్ గారూ, పెద్దావిడండి. ముప్పై ఎనిమిది మంది ముందు ఆవిడతో..."

"నిన్న ముప్పై ఎనిమిది మంది ముందే గదా పసుపు వడ్డది."

ఇక్కడ ఓంకార్ ఒక మాట అనొచ్చు. మా అమ్మను వీడియో తీయడమేంది, లేచి బయటికి నడువు అనొచ్చు. వసంత వంటింటి గుమ్మం పట్టుకుని ఆ మాట కోసమే చూసింది. సత్తెమ్మ కూడా చూసిందేమో.

"చెప్పు అమ్మా," అన్నాడు ఓంకార్. "రెండు నిమిషాల పని. అయిపోతది."

సత్తెమ్మ కుర్చీ అంచున సరిగ్గా కూర్చుంది. కొంగు భుజం మీదికి లాక్కుంది. చెదిరిన జుట్టు అరచేత్తో అదుముకుంది. ఫొటో స్టూడియోకు పోయినప్పుడు చేసినట్టే చేసింది. దినేష్ ఫోను ఎత్తి పట్టుకున్నాడు.

"నేను ఎటు సూడాలె బిడ్డా?"

"ఇటు. ఈ నల్ల చుక్క దిక్కు చూడు. పేరు చెప్పి మొదలుపెట్టు."

"నా పేరు సత్తెమ్మ. ఓంకార్ తల్లిని. ఆ కవర్ నేనే..."

టేబుల్ మీద ధనామని చప్పుడైంది. బోర్డులు రెండు కింద పడ్డాయి. వసంత సీలింగ్ మిషన్ తెచ్చి వాటి మధ్య పెట్టి, ప్లగ్గు గోడకు పెడుతోంది.

"వసంతా," అన్నాడు ఓంకార్. ఆ పిలుపులో ఉన్నది బెదిరింపో బతిమాలటమో ఆమె పట్టించుకోలేదు.

"ఆపకు దినేష్. తీయి. మంచిగ తీయి."

ఖాళీ సకినాల కవరు ఒకటి తీసి మిషన్లో పెట్టి ఒత్తింది. పచ్చ లైటు వెలిగి ఆరింది. కవరు ఎత్తి చూపించింది. గీతలో బియ్యపు గింజంత ఖాళీ.

"మిషన్ ఈడ కాలిపోయింది. అందుకే రెండోసారి ఒత్తాలె. అత్తమ్మ ఎట్ల ఒత్తుతదో సూడుండ్రి." షెల్ఫులో రేపటి ఆర్డరు ప్యాకెట్లలోంచి ఒకటి తీసి టేబుల్ మీద పడేసింది. రెండు గీతలూ ఒకదాని కింద ఒకటి తిన్నగా ఉన్నాయి. "ఇది ఆమె చెయ్యి. ఇగ నాది."

చేతిలోని కవరును మళ్లీ మిషన్లో పెట్టి ఒత్తింది. ఏటవాలు గీత పడింది. దాన్ని వెండి పట్టీ పక్కన ఆనించి పెట్టింది. రెండూ ఒక్క తీరుగానే ఉన్నాయి.

"ఈ కవర్ అతికిచ్చింది నేను. బేస్తారం కాదు. బోనాల ఆర్డర్ అప్పుడు. ఇయ్యాల్టికి ఇరవై రెండు దినాలు."

ప్రేమ్ కుమార్ అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఓబులేసుగారూ, ఆపండి. ఒక్క చిప్ కూడా ఎక్కించొద్దు. రీలు తీసి పక్కన పెట్టండి, ఆరబెట్టాలి. లైను పోతే పోనివ్వండి." ఫోను దించి ఓంకార్ వైపు తిరిగాడు. ఎప్పుడూ లేవని ఆ గొంతు ఇప్పుడు లేచింది. "ఒక్క మాట చెప్పి ఉంటే ఆ నాలుగు వందలు కూడా బతికేవండి. ఒక్క మాట."

"నన్నెందుకు అంటవ్? నాకేం తెలుసు?"

దినేష్ ఫోను సత్తెమ్మ మీంచి వసంత మీదికి తిప్పాడు.

"అతికిచ్చింది నువ్వు, సరే వదినా. ఇప్పింది ఎవరు? నీకు ఇచ్చింది ఎవరు?"

వసంత భర్త వంక చూసింది. కవరు ఎవరిచ్చారో చెప్పడానికి ఆమెకు అర నిమిషం పట్టదు. కానీ ఆ మాట అతనే చెప్పాలని, చెప్తాడని, ఇంత జరిగాక కూడా ఆమెకు ఎక్కడో కొంచెం ఆశ. అమ్మ మీదికి తప్పు తోసినవాడు తన మీదికైనా తొయ్యడని.

ఓంకార్ చొక్కా చేతులు మడిచి, విప్పి, మళ్లీ మడిచాడు. తర్వాత ఫోను మీది నల్ల చుక్కకు కనపడేటట్టు ముఖం పెట్టి, మెత్తగా అడిగాడు.

"ఎందుకు చేసినవ్ వసంతా గిట్ల? నాకొక్క మాట చెప్పకుండ?"

వసంత మిషన్ ప్లగ్గు పీకేసింది. అరవలేదు, ఏడవలేదు. ఈ మనిషి ముందు ఏడిస్తే ఆ కన్నీళ్లు కూడా వీడియోలో తనకు వ్యతిరేకంగానే పోతాయని ఆమెకు అర్థమైంది.

"నిన్ను అడిగిండు గదా వదినా," దినేష్ ఫోను ఇంకొంచెం దగ్గరికి తెచ్చాడు. "చెప్పు."

కుర్చీ కాళ్లు నేల మీద కిర్రుమన్నాయి.

సత్తెమ్మ లేచింది. గోడ దగ్గరి సంచి తీసుకుంది. తలుపు వైపు వెళ్తుందనుకుని ఓంకార్ అడ్డు తొలగాడు. ఆమె సంచి తీసుకుపోయి లోపలి గదిలో, తన మంచం మీద పెట్టి తిరిగి వచ్చింది. వచ్చి కోడలి పక్కన నిలబడింది. కొడుకు వైపు చూడలేదు.

"ఆ ఫోను జర ఇటు తిప్పు బిడ్డా," అంది దినేష్‌తో. "ఇందాక నడిమిట్లనే ఆగిపోయిన. ఆ కవర్ రెండో కొస పట్టుకున్నది నేను. ఎవ్వలు తెచ్చిచ్చిండ్రో ఇప్పుడు చెప్త."